ఓడలో నడిసంద్రం రోజు, రేవు రోజు: నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి క్రూజ్ ఎక్కేవాళ్ళకు

"నీళ్ళు చూసేదానికి అంత దుడ్డు పొయ్యాలా? మైపాడులో లేవా నీళ్ళు?" క్రూజ్ మాట ఎత్తగానే మావైపు పెద్దవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఇది. సబబైన ప్రశ్నే. తడ నుంచి ఒంగోలు దాకా తీరం పక్కనే పుట్టి పెరిగినవాళ్ళం, సముద్రం మనకు కొత్త కాదు. కాకపోతే మనం చూసిందంతా ఒడ్డు మీంచి. మైపాడు ఇసుకలో నిలబడ్డ మనిషికి నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత నాలుగున్నర కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. నీటికి 30 మీటర్ల ఎత్తున ఓడ డెక్ మీద నిలబడితే అదే గీత దాదాపు 20 కిలోమీటర్ల అవతలికి జరుగుతుంది, అదీ నాలుగు దిక్కులా. ఆ డబ్బు ముఖ్యంగా దీనికోసం ఇస్తున్నాం. ఊళ్ళు చూడటానికైతే విమానం చాలు.

క్రూజ్‌లో రోజులు రెండు రకాలు. ఓడ ఎక్కడా ఆగకుండా రోజంతా నడిచేది సీ డే. ఏదో ఊరి దగ్గర ఆగి, మనల్ని దింపి, సాయంత్రానికి మళ్ళీ ఎక్కించుకునేది పోర్ట్ డే. మనవాళ్ళు చాలామంది సీ డే వస్తే "ఏముందిలే" అని మధ్యాహ్నం దాకా పడుకుంటారు. పోర్ట్ డే వస్తే ఆరు చోట్లు చూడాలని పరుగులు పెడతారు. నా సలహా దీనికి తలకిందులు: సీ డేకి ముందుగా ఒక వరస పెట్టుకోండి, పోర్ట్ డేకి ఒకే ఒక్క పని పెట్టుకోండి. ఇక టికెట్టు దగ్గర్నుంచీ వస్తాను.

టికెట్టు కొనేముందు రూటు చదవడం

ధర కంటే ముందు చూడాల్సింది రూటు కాగితం. మనకు దగ్గర రేవు చెన్నై. అరేబియా సముద్రం మీద నైరుతి రుతుపవనాల హోరు ఉండే నెలల్లో కార్డీలియా అనే భారతీయ క్రూజ్ కంపెనీ ఓడ ముంబై వదిలి ఇటు వస్తుంటుంది. 2022లో చెన్నై, విశాఖ, పుదుచ్చేరి మధ్య తిరిగింది. 2023 జూన్‌లో చెన్నై నుంచి శ్రీలంకకు మొదలుపెట్టింది: హంబన్‌తోట, త్రింకోమలి, జాఫ్నా పక్కన కాంకేసన్‌తురై. ఏ ఏడాది ఏ రూటు తిప్పుతారో ఆ ఏడాదే చూసుకోవాలి. చెన్నైలో ఎక్కి రెండు రాత్రులు నడిసంద్రంలో తిరిగి చెన్నైలోనే దింపే ప్యాకేజీలు కూడా వేస్తుంటారు. అందులో రేవు అసలే ఉండదు. ఇది తెలియకుండా కొని, మూడోరోజు "ఎక్కడా దింపలేదే" అని కౌంటరు దగ్గర వాదించేవాళ్ళు ఉంటారు.

రెండోది సింగపూర్. అక్కడ ఎక్కితే మలేసియాలో పోర్ట్ క్లాంగ్, పెనాంగ్, థాయిలాండ్‌లో ఫుకెట్ మామూలుగా తగులుతాయి. మూడోది అమెరికాలో పిల్లలు బుక్ చేసే అలాస్కా. సియాటిల్ నుంచి వెళ్ళే ఓడలు చాలావరకు తిరుగుదారిలో కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి. అమెరికా వీసా ఉందికదా అని ధీమాగా వెళ్ళే తల్లిదండ్రులకు కెనడా వీసా కూడా కావాలని పిల్లలకే తట్టదు. ఓడ దిగనని చెప్పినా వీసా లేనిదే ఎక్కనివ్వకపోవచ్చు. సింగపూర్‌కీ అంతే. ఓడ ఎక్కితే ఆ దేశం వదిలినట్టు, దిగితే మళ్ళీ వచ్చినట్టు. కాబట్టి వీసా మీద ఎన్నిసార్లు రావచ్చని రాసుందో చూసుకోండి.

కాగితం మీద ప్రతి రేవు ఎదురుగా మూడు సంగతులు రాసుకోండి: ఓడ ఎన్నింటికి చేరి ఎన్నింటికి బయలుదేరుతుంది, గట్టుకే కడతారా దూరంగా లంగరేసి చిన్న పడవల్లో తీసుకెళ్తారా, రేవు నుంచి అసలు ఊరు ఎంత దూరం. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు వెంట ఉంటే రెండో సంగతే అన్నిటికన్నా ముఖ్యం. ఊగే పడవలోకి అడుగు పెట్టడం అందరి వల్లా కాదు.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకు కనీసం ఒక పూర్తి సీ డే ఉన్న రూటు తీసుకోమంటాను. రోజూ ఒక ఊరు దింపే రూటు చవగ్గా కనిపిస్తుంది గానీ ఇంటికొచ్చేసరికి బస్సు టూరు చేసొచ్చినంత అలసట మిగులుతుంది.

కాలం, క్యాబిన్, కడుపు

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం సంగతి మనకు ఒకరు చెప్పాలా? తుపాను పేరు వినగానే ముందు మన జిల్లాలకే సెలవులిస్తారు. ఆ నెలల్లో తూర్పు తీరం ప్రయాణం పెట్టుకోకండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా త్రింకోమలి వైపు సముద్రం నెమ్మదిగా ఉంటుంది. అదే కాలంలో శ్రీలంక దక్షిణపు అంచున, అంటే హంబన్‌తోట వైపు, గాలీ అలలూ ఎక్కువ.

కడుపులో తిప్పే గుణం ఉన్నవాళ్ళు కింది డెక్‌లో, ఓడ నడుమ ఉండే క్యాబిన్ అడగండి. ఊపు అక్కడే తక్కువ. పై డెక్‌లో, ముందు కొసన ఉన్నవి ఖరీదైనవే గానీ ఊయలూగేదీ అవే. బస్సు ప్రయాణాలకు మనవాళ్ళు వేసుకునే అవోమిన్ లాంటి మాత్ర ఇక్కడా పనిచేస్తుంది, కానీ తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా లాభం ఉండదు. ముందే వేసుకోవాలి. నిద్రమత్తు వస్తుంది. బీపీ, షుగరు, ప్రోస్టేటు మందులు వాడేవాళ్ళు డాక్టరును అడిగే వేసుకోండి. తిప్పుతుంటే క్యాబిన్‌లో ముసుగేసుకుని పడుకోవద్దు. డెక్ మీదకొచ్చి దూరంగా ఆ నీటి గీతను చూడండి, ఫోను ముట్టుకోకండి. కడుపు ఖాళీగా ఉంచితే ఇంకా ఎక్కువవుతుంది. రెండు బిస్కెట్లు, కాస్త అల్లం మురబ్బా చాలు.

ఇంటి నుంచి ఓడ దాకా

నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్లు, ఒంగోలు నుంచి 290 దాకా. "పొద్దున్నే కారులో బయలుదేరితే మధ్యాహ్నానికి పోతాం గదా" అనిపిస్తుంది. హైవే మీద నిజమే. నగరం దగ్గరపడ్డాక, అందులోనూ పోర్టు వైపు కంటైనర్ లారీల వరసలో చిక్కుకుంటే ఎవరి చేతుల్లోనూ ఉండదు. చెక్ ఇన్ మూసేశాక ఓడ ఎవరికోసమూ ఆగదు. ముందురోజు సాయంత్రానికే చేరి చెన్నైలోని ప్యారిస్ కార్నర్, ఎగ్మూరు వైపు ఎక్కడైనా గది తీసుకోవడం మేలు.

పెద్ద పెట్టెలు గట్టు మీదే తీసుకుంటారు, క్యాబిన్‌కు చేరేసరికి సాయంత్రం అవుతుంది. మందులు, పాస్‌పోర్టు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉండాలి. కెటిల్, ఇస్త్రీపెట్టె తెస్తే స్కానింగులో తీసేసి పక్కన పెడతారు. ఇంట్లో పట్టిన ఆవకాయ జాడీకి కూడా చాలా కంపెనీలు ఒప్పుకోవు. సీలు వేసిన కందిపొడి, కారప్పొడి ప్యాకెట్లకు మామూలుగా అడ్డు చెప్పరు. భారతీయ ఓడలో వీటి అవసరమే రాదు. అలాస్కా ఓడలో మాత్రం మూడోరోజుకల్లా ఆ కందిపొడి ప్యాకెట్టు చుట్టూ జనం చేరతారు.

ఎక్కిన సాయంత్రం చేయాల్సినవి

ఎక్కగానే భద్రతా డ్రిల్లు ఉంటుంది. ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో ఓడవాళ్ళు మీకిచ్చే కార్డు మీద రాసుంటుంది. తప్పించుకునే వీలు లేదు, తప్పించుకోకూడదు కూడా. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా అనే క్రూజ్ ఓడ మునిగినప్పుడు అప్పుడే ఎక్కినవాళ్ళకు ఇంకా డ్రిల్లు జరగలేదు. ఆ తర్వాతే ఓడ కదలకముందు, లేదా కదిలిన వెంటనే చేయాలన్న నియమం గట్టిపడింది.

తర్వాత ఫోను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, ఇంట్లో అందరివీ. ఓడలోనే ఉండే శాటిలైట్ టవరుకు ఫోను తగులుకుంటే, మీరు ఒక్క కాల్ చేయకపోయినా వెనకాల వాట్సాప్ ఫొటోలు దిగుతూ బిల్లు గూబ గుయ్యిమనిపిస్తుంది. ఓడ వైఫై కావాలంటే ఇంటికి ఒక్క ప్యాకేజీ కొని వంతులేసుకోండి.

ఇంకో పని: మర్నాటి కార్యక్రమాల కాగితం గానీ ఆప్‌ గానీ అప్పుడే తెరిచి, నచ్చిన షోలకు సీట్లు చెప్పేసుకోండి. సీ డే సాయంత్రం షోలు ముందురోజే నిండిపోతాయి. అన్నం, పెరుగు, శాకాహారం గురించి కూడా ఆ రాత్రే రెస్టారెంటు మేనేజరుకు చెప్పాలి. శనివారం ఒంటిపూట ఉండేవాళ్ళు, ఉల్లి వెల్లుల్లి తిననివాళ్ళు ఒకపూట ముందు చెబితే వంటవాళ్ళు చేసిపెడతారు. తినేవేళ చెబితే సలాడే గతి.

నడిసంద్రం రోజు

తెల్లవారకముందే లేవండి. ఈ గైడులో ఒక్క మాట పాటించగలిగితే ఇదే పాటించండి. బంగాళాఖాతంలో సూర్యోదయం ఐదున్నర, ఆరు మధ్య. పై డెక్ మీద ఆ వేళ తుడిచేవాళ్ళూ, నడకకొచ్చిన పెద్దవాళ్ళూ తప్ప ఎవరూ ఉండరు. తూర్పున అంచు ఎర్రబడటం మనకు కొత్త కాదు, కానీ వెనక్కి తిరిగితే పడమటా నీళ్ళే. వెలుగొచ్చాక ముందు కొస వైపు వెళ్ళి నీళ్ళలోకి చూడండి. మన ఒడ్డున చూసే మట్టి రంగు, ఆకుపచ్చ ఏదీ ఉండదు. లోతు పెరిగాక నీలం సిరా పోసినట్టు ముదురు రంగు. ఓడ కోసుకుపోయేచోట ఉన్నట్టుండి జానెడు వెండి ముక్కలు గుంపుగా లేచి, అలల మీదుగా బారుగా ఎగిరి, మళ్ళీ నీళ్ళలో పడతాయి. అవి ఎగిరే చేపలు. పక్షులనుకుని పొరబడతారు. రెక్క ఆడించకుండా జారుతూ పోతే చేప అని గుర్తు.

ఆరున్నరకు కాఫీ, అరగంట నడక. టిఫినుకు ఏడున్నరలోపు వెళ్తే బఫేలో కిటికీ పక్క బల్ల దొరుకుతుంది. ఎనిమిదిన్నర దాటితే దోశ కౌంటరు ముందు వరస చూసి సగం ఆకలి చచ్చిపోతుంది. తినేముందు చేతులు సబ్బుతోనే కడుక్కోండి. ఓడల్లో వాంతులు, విరేచనాలు పాకించే నోరోవైరస్‌కు శానిటైజరు ఒక లెక్క కాదు.

పిల్లలుంటే ఈతకొలను పని పది గంటల్లోపే ముగించాలి. సీ డేలో ఓడలో ఉన్న జనమంతా ఓడలోనే ఉంటారు. పదకొండు తర్వాత కొలనులో నీళ్ళకన్నా మనుషులే ఎక్కువ. ఎండ సంగతి కూడా మరవద్దు. గాలి చల్లగా తగులుతుంటుంది కాబట్టి మాడుతున్నట్టు తెలియదు, రాత్రికి భుజాలు మండుతాయి.

పది నుంచి ఒంటిగంట దాకా రకరకాల కార్యక్రమాలు పెడతారు: వంట చేసి చూపడం, డాన్సు నేర్పడం, క్విజ్, తంబోలా. అన్నిటికీ వెళ్ళకండి. రెండు ఎంచుకోండి. ఓడ వంటగదినో, నడిపే గదినో చూపించే టూరు ఉంటే, అదనంగా డబ్బు అడిగినా సరే, దానికి నా ఓటు. వేలమందికి మూడు పూటలా వండే గది చూసొచ్చాక మన పెళ్ళి వంటలు మీ కంటికి చిన్నవైపోతాయి.

డ్యూటీ ఫ్రీ షాపులు, కేసినో ఓడ సముద్రంలో నడుస్తున్నప్పుడే తెరుస్తారు. రేవులో ఉన్నంతసేపూ కస్టమ్స్ నిబంధనల వల్ల మామూలుగా మూసే ఉంటాయి. కేసినో గురించి ఒక మాట. మనవైపు పదిమంది మగవాళ్ళు ఒకచోట చేరితే చతుర్ముఖ పారాయణం మొదలవుతుంది, అది ఎవరాపినా ఆగదు. చేస్తే మీ పేకముక్కలతో డెక్ మీద బల్ల దగ్గర చేసుకోండి. కేసినోలో కార్డు గీకుతుంటే చేతిలో నోటు కనపడదు, పోయినట్టూ తెలియదు. అక్కడికి వెళ్తే ఎంత పోగొట్టుకోవాలో లోపలికి వెళ్ళకముందే భార్యకు చెప్పి వెళ్ళండి.

మధ్యాహ్నం భోంచేసి నిద్రపోండి. దీనికి సిగ్గుపడక్కర్లేదు, తెల్లారగట్ల లేచినవాళ్ళకు హక్కుంది. నాలుగున్నరకు టీ, ఐదున్నరకు మళ్ళీ డెక్. ఎక్కువరోజుల క్రూజులో చక్కగా తయారై భోజనానికొచ్చే రాత్రి ఒకటుంటుంది, చాలాసార్లు అది సీ డేనే పడుతుంది. కోటూ బూటూ లేదని బెంగపడకండి. వెంకటగిరి చీర కట్టుకున్న ఆవిడ ముందు ఏ గౌనూ నిలవదు. మగవాళ్ళకు ఇస్త్రీ చొక్కా, ప్యాంటు చాలు.

రాత్రి భోజనం తర్వాత పది నిమిషాలు దీపాలు తక్కువున్న డెక్ వెతుక్కుని నిలబడండి. ఊరి వెలుగు లేని ఆకాశం ఎలా ఉంటుందో మన పిల్లలు చాలామంది చూడలేదు. అమావాస్య దగ్గర్లో ప్రయాణం పడితే అదృష్టమే.

రేవు రోజు: వెనక నుంచి లెక్క

ఓడ సాయంత్రం ఐదుకు కదులుతుందంటే అందరూ ఎక్కి ఉండాల్సిన గడువు దానికి అరగంట నుంచి గంట ముందే ఉంటుంది. ఆ గడువు కాగితం మీదా, దిగే మెట్ల దగ్గర బోర్డు మీదా రాస్తారు. ఫొటో తీసుకోండి. ఆ గడువు నుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ రండి.

పోర్ట్ క్లాంగ్ తీసుకుందాం. మనవాళ్ళందరికీ అక్కడి నుంచి బటు గుహల సుబ్రహ్మణ్యస్వామి దగ్గరకు వెళ్ళాలని ఉంటుంది. ఓడ 8కి చేరింది, గడువు 4:30 అనుకోండి. చూస్తే ఎనిమిదిన్నర గంటలు. తనిఖీలు దాటి బయటపడేసరికి 9. కౌలాలంపూర్ దిశగా యాభై కిలోమీటర్ల దాకా ఉంటుంది, ట్రాఫిక్‌తో 10:30. గుహకు 272 మెట్లు. ఎక్కి, దర్శనం చేసుకుని, 42.7 మీటర్ల బంగారు రంగు విగ్రహం ముందు అందరూ ఫొటోలు దిగేసరికి 12:15. భోజనం 1:15. తిరుగు ప్రయాణం 3:00. చేతిలో మిగిలింది గంటన్నర. ఆ గంటన్నర దారిలో టైరు పంచరుకూ, జోరువానకూ ఉంచుకోవాల్సింది. "పెట్రోనాస్ టవర్లు కూడా చూసేద్దాం" అని అందులో దూర్చారో, ఇక రోజంతా గడియారమే చూస్తారు. ఒక్క పని అన్నది ఇందుకే.

పెనాంగ్ దీనికి పూర్తిగా వేరు. ఓడ స్వెటెన్‌హామ్ పియర్‌లో కడితే దిగగానే జార్జిటౌన్. 2008లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన పాత ఊరు అది. కార్న్‌వాలిస్ కోట, లిటిల్ ఇండియా, క్వీన్ స్ట్రీట్‌లో మహామారియమ్మన్ గుడి అన్నీ నడకదూరం. ఇలాంటి చోట టూరు కొనడం దండగ. గొడుగు పట్టుకుని నడవండి, అలసిపోతే ఓడకొచ్చి భోంచేసి మళ్ళీ దిగండి.

త్రింకోమలిలో ఒక్క పని అంటే నా వరకు కోనేశ్వరం గుడి. సముద్రంలోకి చొచ్చుకొచ్చిన స్వామి రాక్ కొండ కొసన, ఫ్రెడరిక్ కోట లోపల ఉంటుంది. తమిళ శైవకవి సంబంధర్ తన తేవారం పాటల్లో కీర్తించిన క్షేత్రం. కిందనున్న నీళ్ళ లోతు చూశాక ఇంకో చోటుకు వెళ్ళాలనిపించదు. కాంకేసన్‌తురైలో దిగితే జాఫ్నా నల్లూరు కందస్వామి గుడి. అక్కడ మగవాళ్ళు చొక్కా విప్పి లోపలికి వెళ్ళాలి, ఉత్తరీయం దగ్గరుంచుకోండి.

ఓడవాళ్ళ టూరా, సొంత బండా అన్న ప్రశ్నకు నా కొలత దూరమే. గంటకు మించిన దూరమైతే ఓడవాళ్ళ టూరు. ఖరీదెక్కువే గానీ వాళ్ళ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, లేదా మిమ్మల్ని చేర్చే బాధ్యత వాళ్ళది. సొంతంగా వెళ్ళి ఆలస్యమైతే గట్టున నిలబడి ఓడకు చెయ్యూపడమే, తర్వాతి రేవు దాకా ఖర్చు మీదే. దగ్గర్లోనే తిరిగేటట్టయితే నలుగురు కలిసి టాక్సీ మాట్లాడుకోండి. ఎక్కకముందే రాను పోను ధర చెప్పించుకుని, సగం డబ్బు తిరిగొచ్చాకే ఇవ్వండి.

గడియారం దగ్గర ఒక గొడవుంది. శ్రీలంకకూ మనకూ టైము ఒకటే. ఫుకెట్‌లో మాత్రం సింగపూర్‌ కంటే గంట వెనక. ఓడ ఏ టైము పాటిస్తుందో అడిగి, చేతి గడియారానికి అదే పెట్టండి. ఫోను దానంతటదే ఊరి టైముకు మారిపోయి మోసం చేస్తుంది. గంట తేడా అంటే ఓడ తప్పిపోయేంత తేడా.

సంచిలో ఓడ కార్డు, గుర్తింపు కార్డు, పాస్‌పోర్టు నకలు, ఆ దేశం చిల్లర, నీళ్ళు, మధ్యాహ్నం మాత్రలు. ఓడ ఏజెంటు ఫోను నంబరు రోజువారీ కాగితం మీద ఉంటుంది, దాన్నీ వెంట తీసుకెళ్ళండి. బఫేలో అరటిపళ్ళు సంచిలో వేసుకోకండి. పళ్ళు ఒడ్డుకు తేవడం చాలా దేశాల్లో నిషేధం, జరిమానా కూడా వేస్తారు. చిన్న పడవల్లో దింపే చోటైతే టోకెన్లు ఇస్తారు. పొద్దున్నే తీసుకున్నవాళ్ళకూ పదింటికి లేచినవాళ్ళకూ ఒడ్డు మీద రెండు గంటల తేడా వస్తుంది.

ఒక రేవులో దిగకపోతే

మూడు రేవులున్న ప్రయాణంలో ఒకదాన్ని వదిలేయడానికి మనవాళ్ళకు ప్రాణం ఒప్పదు, డబ్బిచ్చాం కదా అని. కానీ అందరూ దిగిపోయిన ఓడంత హాయైన చోటు ఇంకోటి లేదు. కొలను ఖాళీ, లిఫ్టు ఖాళీ, పడక కుర్చీలన్నీ మీవే. మసాజు, స్పా ధరలు కూడా ఆరోజు తగ్గిస్తుంటారు. మూడు తరాలు కలిసి వెళ్ళినప్పుడు అమ్మమ్మా తాతయ్యలను ప్రతి ఊరూ లాక్కెళ్ళకండి. గుడి ఉన్న రేవులో అందరూ దిగండి, బీచ్ రేవులో కుర్రవాళ్ళు దిగి పెద్దవాళ్ళు ఓడలో ఉంటారు. ఈ పంపకం ఇంట్లోనే మాట్లాడుకుంటే ఓడ మెట్ల దగ్గర అలకలుండవు.

చివరి రాత్రి

రిసెప్షన్‌కో ఆప్‌లోకో వెళ్ళి ఖాతా చూసుకోండి. తాగని కూల్‌డ్రింకు, ఎవరో పిల్లలు ఆడిన వీడియోగేము మీ లెక్కలో పడి ఉండొచ్చు. ఆ రాత్రి చెబితే సరిచేస్తారు. పొద్దున వరసలో నిలబడి వాదించే టైముండదు. పెట్టెలకు వాళ్ళిచ్చిన ట్యాగు కట్టి రాత్రి చెప్పిన వేళకు క్యాబిన్ బయట పెట్టాలి. మర్నాడు కట్టుకునే బట్టలు, చెప్పులు, మందులు లోపల ఉంచుకున్నాకే.

చెన్నైలో ఓడ పొద్దున్నే గట్టుకు చేరినా, పెట్టెలు తీసుకుని, తనిఖీ ముగించి రోడ్డెక్కేసరికి పది దాటొచ్చు. ఉదయం రైలుకు రిజర్వేషన్ చేయించుకోవద్దు. మధ్యాహ్నం సెంట్రల్‌లో బయలుదేరే పినాకిని లాంటిది సరిపోతుంది. గూడూరు, నెల్లూరు, కావలి, ఒంగోలు వాళ్ళందరికీ అది ఇంటి ముందు దింపినంత పని. రైలుకు ముందు గంట మిగిలితే స్టేషను దగ్గర్లో ఎక్కడైనా సాంబారు అన్నం తినండి.